వరంగల్ వరిలో ఉల్లికోడు

వరి పైరు పిలకలు తొడిగే రోజుల్లో, మొవ్వులోంచి ఆకు రావలసిన చోట ఉల్లికాడలా గుండ్రంగా, లోపల బోలుగా, వెలిసిన లేతాకుపచ్చ రంగులో ఒక గొట్టం పైకి వస్తుంది. ఆ పిలక ఇక వెన్ను వేయదు. ఈ తెగులును తెలుగు రైతులు ఉల్లికోడు అంటారు. దీనికి కారణం దోమను పోలిన, మూడు మిల్లీమీటర్లకు కాస్త మించిన పొడవుండే ఒక ఈగ. దాని శాస్త్రనామం ఒర్సియోలియా ఒరైజే. 1880లో బీహార్‌లోని ముంగేరు ప్రాంతపు వరిలో ఇది మొదటిసారి నమోదైంది. 1889లో కలకత్తా ఇండియన్ మ్యూజియానికి చెందిన జేమ్స్ వుడ్-మేసన్ దీనికి శాస్త్రీయంగా పేరు పెట్టాడు. దక్షిణాసియా, ఆగ్నేయాసియా, దక్షిణ చైనా వరి పొలాల్లో ఇది ఉంది. దీని దగ్గరి బంధువు ఆఫ్రికా వరిని పట్టి పీడిస్తోంది. మన దేశంలో ఈ ఒక్క పురుగు వల్ల ఏటా 4.77 లక్షల టన్నుల ధాన్యం నష్టమవుతోందని నిపుణులు అంచనా వేశారు. ఈ పురుగుపై పోరు చరిత్రలో వరంగల్‌కు రెండు స్థానాలున్నాయి: దానిని తట్టుకునే వరి వంశాన్ని లోకానికి ఇచ్చిన ఊరు ఇదే, ఆ రక్షణలన్నిటినీ దాటిన ఈగను కన్నదీ ఈ ప్రాంతమే. ఈ రెండూ యాదృచ్ఛికంగా ఒకచోట కలిసినవి కావు. మొదటిది రెండోదానికి దారి వేసింది. అదెలాగో తెలియాలంటే ముందు ఇలాంటి పురుగులు మొక్కతో ఏ తీరున వ్యవహరిస్తాయో చూడాలి.

మొక్క కణజాలం పురుగు ప్రేరణతో అసహజంగా ఉబ్బి బుడిపెగా మారడం లోకమంతటా ఉన్న విషయమే. అందులో అందరికన్నా పేరు పడ్డవి ఓక్ చెట్లమీద బతికే చిన్న కందిరీగలు. ఓక్ తెలంగాణలోనే కాదు, దక్కను పీఠభూమిలో ఎక్కడా సహజంగా పెరగదు. అయినా ఓక్ కందిరీగ బుడిపె తెలుగు ఇళ్లకు కొత్త కాదు. పసిపిల్లలకు అరగదీసి నాకించడానికి మూలికల అంగట్లో కొనే మాచికాయ అదే. పశ్చిమాసియాలో పెరిగే ఒక ఓక్ కొమ్మమీద కందిరీగ గుడ్డు పెట్టిన చోట ఏర్పడే గట్టి బుడిపె అది. పేరుకు కాయే గాని చెట్టుకు కాసింది కాదు. దానిలోని టానిన్‌ను ఇనుప లవణంతో కలిపి చేసిన సిరాతోనే యూరప్ శతాబ్దాలపాటు దస్తావేజులు రాసుకుంది. ప్రపంచంలో ఓక్ కందిరీగల జాతులు సుమారు వెయ్యి ఉన్నాయి. ఒకే ఓక్ చెట్టుమీద వేర్వేరు కందిరీగలు వేర్వేరు ఆకారాల బుడిపెలు కట్టిస్తాయి. ఒకటి నున్నటి గోళీలా, ఇంకొకటి నూగుతో, వేరొకటి ఆకు అడుగున బొత్తాంలా. అంతేకాదు, చాలా జాతుల్లో ఆడమగల కలయికతో పుట్టే తరం ఒక రకం బుడిపెనూ, మగ తోడు లేకుండా పుట్టే తరం పూర్తిగా వేరే రకం బుడిపెనూ కట్టిస్తాయి. మానవుల లైంగిక ప్రవర్తనమీద పరిశోధనతో తర్వాత ప్రసిద్ధుడైన అమెరికన్ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ కిన్సీ తన తొలి జీవితమంతా ఈ కందిరీగల సేకరణకే వెచ్చించి 1930లో వాటిమీద బృహద్గ్రంథం వెలువరించాడు. చెట్టు ఒక్కటే అయినప్పుడు రూపాలు ఇన్ని ఉన్నాయంటే, బుడిపె రూపం పురుగు నిర్ణయిస్తున్నదే. చెట్టు ఇచ్చేది కణాలనూ ఆహారాన్నీ మాత్రమే.

ఆకును కొరికే గొంగళిపురుగుకు మొక్కతో పని తిండి వరకే. బుడిపె కట్టించే పురుగు అలా కాదు. అది మొక్క సొంత ఎదుగుదల యంత్రాంగాన్ని తన వశం చేసుకోవాలి, ఆ మొక్క కణాలకు అర్థమయ్యే రసాయన సంకేతాలనే పంపాలి. ఆ సంకేతం కాస్త తేడా వచ్చినా, మొక్క దాన్ని శత్రువని గుర్తించినా పురుగుకు రెండో అవకాశం ఉండదు. కనుకనే ఈ జాతి పురుగుల దగ్గర మొక్కలోని ఒకే ఒక్క జన్యువు సంపూర్ణ రక్షణ ఇవ్వగలదు. అదే కారణంగా పురుగులో వచ్చే ఒకే ఒక్క మార్పు ఆ రక్షణను పూర్తిగా కూల్చనూగలదు. వరంగల్ అనుభవం మొత్తానికి మూలసూత్రం ఇదేనని నా అభిప్రాయం.

వరిలో జరిగేదేమిటో దగ్గరగా చూద్దాం. ఆడ ఈగ రాత్రిపూట ఎగురుతూ ఆకుల అడుగునా, ఆకు మొదట్లోనూ వంద నుంచి రెండు వందల దాకా గుడ్లు పెడుతుంది. దాని బతుకు నాలుగైదు రోజులు మించదు. విచిత్రమేమంటే ఒక ఆడ ఈగ సంతానమంతా ఆడవే అవుతాయి, లేదా అంతా మగవే అవుతాయి. మూడు నాలుగు రోజుల్లో గుడ్డు పగిలి, ఒక మిల్లీమీటరైనా ఉండీ ఉండని పిల్లపురుగు బయటికి వచ్చి, ఆకు తొడుగుకూ కాండానికీ మధ్య ఉన్న సందులోంచి కిందికి పాకుతుంది. ఆ ప్రయాణానికి ఆకుమీద నీటి పొర ఉండాలి. ముసురు పట్టిన వానాకాలంలో ఉల్లికోడు చెలరేగడానికీ, యాసంగిలో తగ్గడానికీ ఇదొక ముఖ్య కారణం. మొవ్వు అడుగున ఎదిగే మొన దగ్గరికి చేరాక అది అక్కడే ఉండి లాలాజలం వదులుతూ రసం పీలుస్తుంది. ఆ లాలాజలంలోని ప్రొటీన్లు వరి కణాల విభజననూ సాగుదలనూ మార్చేస్తాయి. పురుగు చుట్టూ అండాకారపు గది ఏర్పడుతుంది, ఆకు తొడుగు ఆకుగా విచ్చుకోకుండా గొట్టంగా ఎదుగుతుంది. ఒక పిలకలోకి పిల్లపురుగులు ఎన్ని దూరినా పెరిగి పెద్దదయ్యేది సాధారణంగా ఒక్కటే. రెండు వారాలకు పైగా అలా బతికి, అది గొట్టం అడుగునే ప్యూపాగా మారుతుంది. ఆ ప్యూపాకు పొట్టమీద ముళ్లుంటాయి. వాటిని గొట్టం గోడకు తన్ని పట్టుకుంటూ జానెడు ఎత్తు పైకి ఎగబాకి, కొసన రంధ్రం చేసి, సగం బయటికి వచ్చి నిలుస్తుంది. రాత్రివేళ ఈగ ఎగిరిపోతుంది. తెల్లవారి పొలంలోకి దిగినవారికి గొట్టం కొసన వేలాడే తెల్లటి ఖాళీ తొడుగు కనిపిస్తుంది. గుడ్డు నుంచి ఈగ దాకా మొత్తం మూడు వారాల చిల్లర వ్యవహారం. అంకురం వేసే దశకు చేరిన పిలక జోలికి ఈ పురుగు రాలేదు, ఎందుకంటే దానికి కావలసిన ఎదిగే ఆకు మొన అప్పటికి వెన్నుగా మారిపోయి ఉంటుంది.

ఇంత సున్నితమైన జీవితం గల పురుగుకు అడ్డుకట్ట వేయడానికి పనికొచ్చిన మొదటి పెద్ద వనరు పాత దేశవాళీ రకం ఈశ్వరకోర. దాన్ని ఎంటీయూ 15 అనే మరో రకంతో కలిపి రూపొందించిన డబ్ల్యూ 1263లో ‘డబ్ల్యూ’ వరంగల్‌దే. ఈ వంశంలోని నిరోధక జన్యువుకే తర్వాత జీఎం1 అని పేరు వచ్చింది. ప్రపంచంలో ఎక్కడ ఉల్లికోడు పరిశోధన జరిగినా ఇవాళ్టికీ డబ్ల్యూ 1263ను ప్రమాణపు రకంగా పక్కన నాటుతారు. థాయిలాండ్ నుంచి వచ్చిన సియాం 29లోని జన్యువు జీఎం2 అయింది. అధిక దిగుబడి గల ఐఆర్ 8కు ఈ రెండు వంశాల రక్షణను జోడించి 1970లలో వరుసగా కాకతీయ, సురేఖ, ఫల్గుణ రకాలు వచ్చాయి. కాకతీయ 1975 నాటిది; ఉల్లికోడును తట్టుకునే రకంగా దేశంలో విడుదలైన మొదటిది. ములుగు రోడ్డులోని వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రం ఆ తర్వాత కావ్య, ఎర్రమల్లెలు, ఓరుగల్లు, పోతన, భద్రకాళి, సిద్ది వంటి రకాలను ఒకదాని వెనుక ఒకటి అందించింది. ఒక జిల్లా కేంద్రంలో పనిచేసే సంస్థ ఇంత సుదీర్ఘంగా ఒకే పురుగును వెంబడించడం గొప్ప విషయం. ఆ కృషికి తెలంగాణ రైతులోకం రుణపడి ఉంది.

అయితే ఫల్గుణ వచ్చింది 1977లో. 1986 నాటికి ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళం ప్రాంతంలో ఫల్గుణ పొలాలే గొట్టాలతో నిండిపోయాయి. పదేళ్లు కూడా నిలవలేదు. ఆ ఈగ రూపంలో తేడా లేదు, కాని జీఎం2 ఉన్న మొక్కలోనూ గది కట్టించుకోగల శక్తి దానికి వచ్చింది. ఇలా రూపం ఒకటే అయినా దాడి చేయగల రకాలు వేరైన తెగలను బయోటైపులు అంటారు. వాటిని గుర్తించడానికి శాస్త్రవేత్తలు వరి రకాలను నాలుగు వర్గాలుగా నాటి చూస్తారు: డబ్ల్యూ 1263 వర్గం, సియాం 29 వర్గం, వేరే జన్యువులున్న మూడో వర్గం, ఏ రక్షణా లేని టీఎన్ 1. రాయ్‌పూర్, హైదరాబాద్ ప్రాంతపు మొదటి బయోటైపు టీఎన్ 1ను తప్ప దేనినీ గెలవలేదు. కటక్‌దైన రెండోది డబ్ల్యూ 1263ను గెలిచి సియాం 29 దగ్గర ఓడుతుంది. జగిత్యాల, రాంచీలలో కనిపించే మూడోది సరిగ్గా దానికి తిరగేసి ఉంటుంది. శ్రీకాకుళానిదైన నాలుగోది రెండింటినీ గెలిచి మూడో వర్గం దగ్గర ఆగుతుంది. కేరళలో, మణిపూర్‌లో మరో రెండు బయోటైపులున్నాయి. చివరిగా 2000 తర్వాతి దశాబ్దంలో వరంగల్ జిల్లాలో గుర్తించిన తెగకు 4ఎం అని పేరు పెట్టారు. నాలుగు వర్గాల్లో ఏదీ దానిముందు నిలవలేదు. ఎక్కడైతే నిరోధక రకాలు అందరికన్నా ముందుగా, విస్తారంగా, దశాబ్దాల తరబడి సాగయ్యాయో అక్కడే అన్నిటినీ దాటిన ఈగ తలెత్తింది.

దీనికి ఒక అభ్యంతరం చెప్పవచ్చు. 4ఎం కొత్తగా పుట్టిందనడానికి రుజువేమిటి, ఎప్పటినుంచో ఆ పొలాల్లో కొద్దిగా ఉండి ఉంటుంది కదా, నిరోధక రకాలను ఎందుకు నిందించాలి అని. నిజమే, అలాంటి ఈగలు ముందునుంచే అక్కడక్కడా ఉండే అవకాశం ఎక్కువ. కాని అది నా వాదనను బలహీనపరచదు, గట్టిపరుస్తుంది. ఒకే జన్యువున్న రకం ఊరంతా నాటినప్పుడు దాన్ని గెలవలేని ఈగలు సంతానం లేకుండా పోతాయి, గెలవగల కొద్దిపాటివే మిగిలి పెరుగుతాయి. జీఎం2ను గెలిచే గుణం ఈగలో ఒకే ఒక్క అంతర్గత జన్యువు వల్ల వస్తుందనీ, అది ఎక్స్ క్రోమోజోముమీద ఉందనీ పరిశోధనలు తేల్చాయి. మగ ఈగకు ఎక్స్ ఒక్కటే ఉంటుంది కాబట్టి ఆ జన్యువు ఒక్క ప్రతి చేరినా మగ పురుగు నిరోధక మొక్కలో బతికేస్తుంది, దాన్ని తర్వాతి తరానికి చేరవేస్తుంది. రెండు ప్రతులు కలిసేదాకా ఆగవలసిన అవసరం లేదు. ఇక గోధుమకు పట్టే హెస్సియన్ ఈగ ఇదే కుటుంబానిది. అమెరికాలో దానికి ఎదురుగా ఒకదాని వెనుక ఒకటి జన్యువులు వాడుతూ పోయారు, ఈగ కొత్త బయోటైపులతో వెంటాడుతూ వచ్చింది. ఇప్పటికి గోధుమలో ముప్పైకి పైగా అలాంటి జన్యువులు కనిపెట్టారు, వెతుకులాట ఇంకా ఆగలేదు. తాళం మార్చిన ప్రతిసారీ దొంగ కొత్త చెవి చేయించుకుంటున్నాడంటే తప్పు తాళాలది కాదు, ఊరంతా ఒకే తాళం వేయడానిది.

గుళికల మందు ఉండగా ఈ జన్యువుల గొడవ ఎందుకని ఇంకొందరు అడుగుతారు. నారు పీకే ముందు సెంటు నారుమడికి 160 గ్రాముల కార్బోఫ్యూరాన్ గుళికలు చల్లాలని తెలుగు నేలమీద దశాబ్దాలుగా సిఫార్సు ఉంది. అది పనిచేసే మాట వాస్తవమే. నారుతోపాటు పురుగు పొలంలోకి రాకుండా ఆపుతుంది. కాని పురుగు ఉండేది మొవ్వు అడుగున. ఆకులమీద కొట్టే మందు అక్కడికి చేరదు. గొట్టం కనబడిందంటే ఆ పిలక అప్పటికే చేయి దాటింది. ఆ తర్వాత ఏ మందూ దాన్ని వెన్నుగా మార్చలేదు. పైగా మందుల దారి ఇరుకవుతోంది. ఉల్లికోడుకు రైతులు ఎక్కువగా నమ్ముకున్న ఫోరేట్ గుళికలను కేంద్ర ప్రభుత్వం 2020 డిసెంబరు 31తో నిషేధించింది. మనుషులకూ పశువులకూ దాని విషం ఎంత ప్రమాదమో ఎరిగినవారెవరూ ఆ నిర్ణయాన్ని తప్పుపట్టరు. పోయిన పిలకకు బదులు వరి కొత్త పిలక వేస్తుంది కదా అనేది మరో మాట. ముందుగా నాటిన పొలంలో, పురుగు తొలిరోజుల్లో పడితే అది సరైనదే. నూటికి ఐదు పిలకల లోపు గొట్టాలుంటే మందు అక్కరలేదనే ప్రమాణం అందుకే పెట్టారు. ఆలస్యంగా నాటిన పొలంలో మాత్రం ఆ కొత్త పిలకలు తర్వాతి తరం ఈగలకు లేత మేతగా దొరుకుతాయి.

గుళికల వల్ల మరో నష్టముంది, దాని గురించి మనం చాలా తక్కువ మాట్లాడుకుంటాం. ఉల్లికోడు ఈగకు అసలు శత్రువులు కందిరీగలే. వాటిలో ముఖ్యమైనది ప్లాటిగాస్టర్ ఒరైజే, నల్లటి నలుసంత జీవి. అది ఈగ గుడ్డులోనే తన గుడ్డు పెడుతుంది. ఈగ పిల్లపురుగు పుట్టి, మొవ్వులోకి పాకి, గది కట్టించుకుని, నిండుగా ఎదుగుతుంది. అంతలో దాని ఒంట్లో ఆ ఒక్క కందిరీగ గుడ్డు అనేకంగా చీలి పదుల సంఖ్యలో పిల్లలవుతుంది. గొట్టాన్ని బ్లేడుతో నిలువునా చీల్చి చూస్తే, ఉండవలసిన ఎర్రటి ప్యూపాకు బదులు చర్మపు సంచిలో కిక్కిరిసిన చిన్న చిన్న గోధుమరంగు తొడుగులు కనిపిస్తాయి. వానాకాలం చివరికి పొలంలోని పురుగుల్లో సగానికి మించి ఇలాగే అంతమవడం చాలాచోట్ల నమోదైంది. కందిరీగలు చివరికి పెరిగితే ఏం లాభం, నష్టం జరిగిపోయాక కదా అనేది న్యాయమైన ప్రశ్న. ఆ ఏటి పైరుకు లాభం తక్కువే. కాని ఆ కందిరీగలే పొలం చుట్టుపక్కల అడవి వరిలో, కోత తర్వాత మళ్లీ చిగిర్చిన మోళ్లలో తలదాచుకున్న ఈగలను వెంబడించి వచ్చే ఏటి మొదటి తరాన్ని తగ్గిస్తాయి. కందిరీగ పట్టిన గొట్టాలను ఏరి, ముందుగా నాటిన పొలాల్లో వదలాలనే సిఫార్సు ఉన్నదందుకే. అవసరం లేకుండా చల్లిన గుళికలు ఈ బలగాన్ని కూడా తీసుకుపోతాయి.

అసలు పరిష్కారం విత్తనంలోనే ఉందని నేననడానికి కారణం వేరు. ఇప్పటికి వరిలో ఇలాంటి జన్యువులు పదికి పైగా తెలుసు. వరంగల్ 4ఎం తెగను కూడా నిలబెట్టి ఆపగలిగినవి వాటిలో ఉన్నాయి: ఆర్‌పి 2068-18-3-5 అనే వంశంలోని జీఎం3, అగన్ని అనే రకంలోని జీఎం8. రెండూ పనిచేసే తీరు వేరు. మొదటిదాంట్లో పురుగు చేరిన చోట మొక్క తన కణాలను తానే చంపుకుని పురుగును మాడుస్తుంది. రెండోదాంట్లో ఆ మాడ్పు లేకుండానే పురుగు చస్తుంది. ఇలా దారులు వేరైన రెండు జన్యువులను ఒకే రకంలో పేర్చితే, రెంటినీ ఒకేసారి దాటగల ఈగ దొరకడం ఎంతో అరుదు. రెండూ ఒకేసారి కూలితే ఉన్న రెండు ఆయుధాలూ పోతాయి కదా అని అడగవచ్చు. ఒక్కొక్కటిగా విడివిడిగా వాడినప్పుడే అలా పోయే ప్రమాదం ఎక్కువ. జీఎం8 ఒంటరిగా ఒక రకంలో, జీఎం3 ఒంటరిగా ఇంకో రకంలో పక్కపక్క పొలాల్లో పండితే ఈగ ఒక్కో మెట్టే ఎక్కుతుంది. కనుక జత కట్టిన జన్యువులను ఒంటరిగా బజారులోకి వదలకూడదు. నిరోధక రకాలకు మార్కెట్లో ధర రాదు, రైతు సన్నాలే వేస్తాడు అనే మాట ఒకప్పుడు గట్టి అడ్డంకి. ఉల్లికోడుకు సులువుగా లొంగే సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, ఇంతగా పాకడానికి దాని బియ్యం నాణ్యతే కారణం, అందులో రైతు తప్పేమీ లేదు. నేడు డీఎన్‌ఏ గుర్తుల సాయంతో బియ్యం గుణం చెడకుండానే అలాంటి రకాల్లోకి జన్యువులను ఎక్కించవచ్చు; హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ ఆ దారిలో పనిచేస్తోంది.

ఒకే రకాన్ని మైళ్ల కొద్దీ పరచడం వల్ల వచ్చే ముప్పు వరికే పరిమితం కాదు. 2001లో కర్ణాటకలోని మండ్యలో నీలగిరి చెట్లమీద లెప్టోసైబ్ ఇన్వేసా అనే కందిరీగ బుడిపెలు కనిపించాయి. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఈ జీవి పొడవు ఒకటిన్నర మిల్లీమీటరు కూడా ఉండదు. మగ తోడు లేకుండానే సంతానం కంటుంది. ఒకే చెట్టు నుంచి తీసిన క్లోన్ మొక్కలు గోదావరి తీరమంతా, కాగితపు మిల్లుల కోసం సాగయ్యే తోటల్లో నిండి ఉండడంతో, లొంగే క్లోన్ దొరికిన చోట తోట తోటంతా ఆకు ఈనెలు ఉబ్బి ముడుచుకుపోయింది; పక్కనే ఉన్న వేరే క్లోన్‌కు పెద్దగా ఏమీ కాలేదు.

విత్తనం తర్వాత అంతటి బలమైన ఆయుధం తేదీ. జూలైలోపు నాట్లు పడితే ఈగ సంఖ్య పెరిగేనాటికి పైరు అంకురం దశకు చేరిపోతుంది. ఆగస్టు దాటితే అత్యంత లేత దశా, అత్యధిక ఈగలూ ఒకేసారి కలుస్తాయి. వరంగల్ సేద్యం తరతరాలుగా పాఖాల, రామప్ప, లక్నవరం వంటి కాకతీయుల నాటి చెరువులమీద నడిచింది. చెరువు నిండేదాకా నాట్లు ఆగడం ఇక్కడ ఉల్లికోడు ఇంతగా స్థిరపడడానికి దోహదం చేసింది. శ్రీరాంసాగర్ నుంచి వచ్చే కాకతీయ కాలువ నీరు, బోర్ల నీరు ఉన్న ఆయకట్టులో ఇప్పుడు ముందుగా నాటడం సాధ్యమే. ఒక్క రైతు ముందు నాటి చుట్టుపక్కల వాళ్లు నెల ఆలస్యం చేస్తే మాత్రం ఈగకు వరుసగా లేత పైరు దొరుకుతూనే ఉంటుంది. నాటు తేదీ ఊరు మొత్తం కలిసి తీసుకోవలసిన నిర్ణయం.

విత్తన సంస్థలూ, వ్యవసాయ శాఖా జిల్లాలవారీగా ఏ బయోటైపు ఉందో రైతుకు తెలిసేలా విత్తన సంచిమీదే ముద్రించాలి. జగిత్యాలలో నిలబడే రకం వరంగల్‌లో నిలబడకపోవచ్చన్న సంగతి కొనేవాడికి దుకాణంలోనే తెలియాలి. ఇక పొలంలో గొట్టాలు చూసిన రైతులకు ఒక మాట: గుళికలు కొనడానికి వెళ్లే ముందు ఓ పది గొట్టాలు పీకి చీల్చి చూడండి. వాటిలో ఎక్కువ పురుగుల ఒంట్లో కందిరీగ పిల్లలే ఉంటే ఆ పొలంలో మందు వేయకండి.